పదో ఏటి ఆకులు

అక్క చేతిలో పసిపిల్లని పెట్టినా ముందు బరువు చెప్పి, ఆ తర్వాతే ముద్దు పెట్టుకుంటుందని మా తమ్ముడు నవ్వేవాడు. అబద్ధమేం కాదు. కూరగాయల సంచి అయినా, కొరియర్ వాడు ఇచ్చే పెట్టె అయినా, నా చేతిలో పడగానే నోట్లోంచి అంకె వచ్చేస్తుంది. ఇరవై రెండేళ్ళ అలవాటు. ఊరికే పోతుందా?

నేను పనిచేసేది బయోమాస్ కరెంటు ప్లాంటులో. చెక్క ముక్కలు, రంపపు పొట్టు, ఊక, ఎండుగడ్డి, చెట్టు బెరడు, ఇలా కాలేది ఏదైనా సరే మాకు సరుకే. లారీల్లో వచ్చేదానికి గేటు దగ్గర పెద్ద కాటా ఉంది. సంచుల్లో వచ్చేదానికి చిన్న కాటా నా బల్ల పక్కనే ఉంటుంది. సంచి తూచాలి. అందులోంచి ఒక గుప్పెడు తీసి రేకు డబ్బాలో వేసి మూత బిగించాలి. పుస్తకంలో రాయాలి. చివరికి సంచికి చీటీ కట్టాలి. తడి ఎక్కువుంటే ఎర్ర చీటీ, అంటే ఇంకా ఆరాలి. సరిపోతే పచ్చ చీటీ, అంటే బాయిలర్‌లో వేసెయ్యొచ్చు. డబ్బాలోని గుప్పెడుని తర్వాత పరీక్ష గదిలో ఎండబెట్టి అసలు లెక్క తేలుస్తారు గానీ, గుప్పిట పట్టగానే తడెంతో నాకు ముందే తెలిసిపోతుంది. ప్లాంటులో అందరికీ నేను "తూకం అక్క"ని. మేనేజరు కూడా అలాగే పిలుస్తాడు, ఆయన నాకంటే పదేళ్ళు పెద్ద.

మా తమ్ముడిదీ తూకం పనే. కాకపోతే నేను కాల్చేదాన్ని తూస్తే వాడు బతికున్నదాన్ని తూచేవాడు. ఊరి చివర ఉన్న అడవి ముక్కలో పరిశోధన కేంద్రం వాళ్ళ తరఫున చెట్ల బరువు లెక్కగట్టడం వాడి ఉద్యోగం. చెట్టుని తెచ్చి కాటా మీద పెట్టలేంగా, అందుకని చొక్కా మూడో గుండీ ఎత్తులో మానుకి టేపు చుట్టి, ఆ చుట్టుకొలత నుంచి బరువు తేల్చేవాడు. రాలినవాటి కోసం చెట్ల కింద ఇరవై నాలుగు వలలు కట్టాడు. వలలో పడిన ఆకు, పుల్ల, పువ్వు ఒక్కటీ వదలకుండా ఏరి, వలకో గుడ్డ సంచిలో వేసి, ఎండబెట్టి తూచేవాడు.

"అంత ఎండబెట్టడం ఎందుకురా? ఉన్నదున్నట్టు తూస్తే పోలా?" అని ఒకసారి అడిగాను.

"అలా తూస్తే వానని తూచినట్టవుతుందక్కా. నీళ్ళన్నీ పోయాక మిగిలిందే చెట్టు ఎండలో నిలబడి సంపాదించుకున్నది. నువ్వు కాల్చినప్పుడు వచ్చేదీ ఆ ఎండే. నీకూ నాకూ సరుకొకటే, పేరూ ఒకటే, బయోమాస్. నువ్వు దాన్ని ఖర్చు పెడతావు, నేను ఎంతుందో చూసి అక్కడే పెట్టేస్తాను."

నిజంగానే అక్కడే పెట్టేసేవాడు. తూకం అయిపోగానే సంచులు మోసుకెళ్ళి, ఏ వలలో ఏరినవి ఆ వల కిందే పోసి వచ్చేవాడు. అది చెట్టు తిండి అట, చూసి ఇచ్చేస్తామని తెచ్చాం కాబట్టి ఇచ్చెయ్యాలట. చెప్పుకి అంటుకుని ఇంటికొచ్చిన ఆకుని కూడా మర్నాడు జేబులో పెట్టుకుని తీసుకెళ్ళేవాడు. "నీకు పిచ్చి ముదిరిందిరా" అనేదాన్ని. వాడి పెళ్ళాం, అంటే మా మరదలు, అప్పుడు వాణ్ణి వెనకేసుకొచ్చేది. వెనకేసుకురాక ఏం చేస్తుంది, ఇద్దరిదీ ఒకటే కేంద్రం, ఒకటే అడవి. టేపు ఈ చివర ఒకరు ఆ చివర ఒకరు పట్టుకుని చెట్టు చుట్టూ తిరుగుతూనే పెళ్ళిదాకా వచ్చారు. గంతకు తగ్గ బొంత. లెక్కలో ఒక గ్రాము తేడా వస్తే అన్నం మానేసే మనిషి ఆ పిల్ల.

పదేళ్ళ పని అది. పదేళ్ళు ఒకే చోట, ఒకే వలలు, ఒకే పద్ధతి. పదో ఏడు ఆకు రాలడం అయిపోగానే, కేంద్రంలో ఓవెన్ ఖాళీ లేదని సంచులు ఇరవై నాలుగూ ఇంటికి తెచ్చి వెనక గదిలో పేర్చాడు. ప్రతి సంచి మీదా నల్ల సిరాతో వాడి అంకెలు, ఏడు మధ్యలో అడ్డగీతతో సహా. తెచ్చిన పదకొండో రోజున పోయాడు. గుండె. నలభై నాలుగేళ్ళు. అంతకంటే దాని గురించి చెప్పడం నా వల్ల కాదు.

ఆ తర్వాత మేమిద్దరం ఆడవాళ్ళం ఆ ఇంట్లో మిగిలాం. మరదలు ఉద్యోగానికి వెళ్ళేది, వచ్చేది, అడిగినదానికి జవాబు చెప్పేది. వెనక గదిలోకి మాత్రం వెళ్ళేది కాదు. ఒక నెల అయింది, ఆరు నెలలయింది. నేను ఉండబట్టలేక ఒకరోజు అడిగేశాను.

"ఆ సంచులు తూచవా అమ్మాయ్?"

"తూస్తాను వదినా."

"ఎప్పుడు?"

తను పళ్ళెంలో మెతుకులు ఒక పక్కకి జరిపింది. "తూచేస్తే మళ్ళీ అడవిలో పోసెయ్యాలి కదా" అంది.

నేనింక ఆ మాట ఎత్తలేదు. నాకు నోరెక్కువే గానీ, ఎక్కడ మూసుకోవాలో తెలియనంత ఎక్కువ కాదు.

పదకొండో నెలలో కేంద్రం నుంచి ఉత్తరం వచ్చింది. నెలాఖరుకి పదేళ్ళ నివేదిక ఇవ్వాలి, ఇవ్వలేకపోతే ఆ అడవి ముక్కలో పని ఆపేస్తాం అని. తొమ్మిదేళ్ళ లెక్క వాళ్ళకి పనికిరాదు, పది అని మొదలుపెట్టారు కాబట్టి పదీ ఉండాలి. పట్టికలో తొమ్మిది గళ్ళు నిండి ఉన్నాయి. పదో గడి ఖాళీ. ఆ గడి నిండకపోతే మా తమ్ముడు పదేళ్ళు వానలో, ఎండలో తిరిగింది ఒక బీరువాలో పడి ఉంటుంది.

గోరుచుట్టు మీద రోకలిపోటన్నట్టు ఆ వారమే వెనక గదిలో పైపు పగిలింది. గోడంతా చెమ్మ. సంచులు తడిసి బూజు వాసన మొదలైంది. కేంద్రంలో ఓవెన్‌లో ఒకసారికి రెండు సంచులే పడతాయి, మిగతావి వంతు వచ్చేలోగా కుళ్ళిపోతాయి. మరదలు గుమ్మంలో నిలబడి ఉత్త చేతులతో చూస్తోంది.

"మా ప్లాంటులో ఆరబెట్టే షెడ్డు ఉంది. పొగ గొట్టం వేడి నేల కింద నుంచి పోతుంది. రెండు రోజులు పెడితే గలగలలాడతాయి, అప్పుడు తెచ్చి నీ ఓవెన్‌లో వేసుకో. నేను లేనా?" అన్నాను.

తను వెంటనే ఒప్పుకోలేదు. ఆఖరికి తనే సంచులు ఒక్కొక్కటీ లెక్కపెట్టి ఆటోలోకి ఎక్కించింది. ఆటో కదిలేటప్పుడు, "జాగ్రత్త వదినా" అంది. ఆ ఒక్క మాటే.

"నాకు చెప్తున్నావా జాగ్రత్త!" అని నవ్వాను కూడా. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

గేటు దగ్గర కాపలా పెద్దాయన ఆ సంచులు ఎవరివని అడిగాడు. చెప్పాను. ఆయనకి మా తమ్ముడంటే ఇష్టం. నా వెంట బల్ల దాకా నడుస్తూ వాడి కబుర్లే చెప్పాడు. ఒకసారి ఈ గేటు ముందే వాడు సైకిలు ఆపి, లారీలోంచి పడిన బెరడు ముక్క ఏ చెట్టుదో చెప్పాడట. నేను వింటున్నాను, కళ్ళు తుడుచుకుంటున్నాను, సంచులు దింపుతున్నాను. సంచులన్నీ షెడ్డులో సర్దేసి, పెద్దాయనతో కలిసి టీ తాగాను.

మర్నాడు నా వారపు సెలవు రోజు. ఆ మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే షెడ్డులో ఆ మూల ఖాళీ.

నా కుర్చీలో ఇరవై నాలుగు ఉత్త సంచులు, చక్కగా మడతపెట్టి, అంకెల వరసలో ఉన్నాయి. సంచులు ఎవరివి వాళ్ళకి తిరిగి ఇవ్వడం మా ప్లాంటు పద్ధతి.

షెడ్డులోంచి బాయిలర్‌కి సరుకెత్తే బకెట్ బండి నడిపే బాబాయ్ అటుగా వచ్చాడు. "బాబాయ్, ఇందులో ఆకులేవి?" అన్నాను.

"నిన్న పదింటికి వేసేశాను కదమ్మా. పచ్చ చీటీలు ఉన్నాయిగా."

"పచ్చ చీటీ ఎవరు కట్టారు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "నువ్వు తప్ప ఇక్కడ చీటీ ఎవరు కడతారు?"

సంచి మీద ఇంకా వేలాడుతోంది చీటీ. నా ముడే. రెండు చుట్లు తిప్పి ఎడమ పక్కకి లాగే ముడి ఈ ప్లాంటులో నాదొక్కదానిదే. మనసు తమ్ముడి కబుర్లలో ఉంటే చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. బూజు పట్టడానికి చాలిన ఆ చెమ్మ మా బాయిలర్‌కి ఒక లెక్క కాదు. అలవాట్లో పొరపాటు అంటారే, అలాంటిదే. మామూలు పొరపాటుకైతే ఎదుటివాణ్ణి నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. దీనికి ఎవర్ని తిట్టను? పాపం బాబాయ్ సంగతి తెలిసి బండి అక్కడే ఆపేసి, నెత్తిన చేతులు పెట్టుకుని మెట్ల మీద కూలబడ్డాడు. ఆయన్ని ఓదార్చడం కూడా నా వంతే అయింది.

మధ్యాహ్నానికి ఇంటికి వెళ్ళిపోయాను. దారంతా ఏం చెప్పాలా అని వంద రకాలుగా అనుకున్నాను. పైపు మీద పెడదామా, బాబాయ్ మీద పెడదామా అని కూడా అనుకున్నాను, సిగ్గు లేకుండా. మరదలు వంటింట్లో పైపు బాగుచేసేవాడు చేసిన బురద కడుగుతోంది. నా చేతిలో మడతపెట్టిన సంచులు చూసింది.

"అప్పుడే ఆరిపోయాయా వదినా?"

"కాలిపోయాయి" అన్నాను. "నేనే. నా చేత్తో నేనే పచ్చ చీటీ కట్టాను. బాయిలర్‌లో వేసేశారు."

తను అరిస్తే బాగుండును. రెండు తిడితే ఇంకా బాగుండును. సంచులు తీసుకుని, పైన ఉన్నదాని మీద అంకెని వేలితో రాసింది, గీత మీద గీత, చిన్నపిల్లలు దిద్దినట్టు. తర్వాత గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది. నేను ఆ తడి నేల మీదే కూర్చుని ఏడ్చాను. తమ్ముడు పోయిన రోజున వచ్చినవాళ్ళకి మంచినీళ్ళు ఇస్తూ, కాగితాల మీద సంతకాలు పెడుతూ ఏడవడానికి తీరిక దొరకలేదు నాకు. ఆ బాకీ అంతా ఆ పూట తీరింది.

మర్నాడు పొద్దున్నే తను లేచేలోపే పనికి వెళ్ళిపోయాను. మొహం చూపించలేక. ఎనిమిదిన్నరకి గేటు పెద్దాయన కబురు పంపాడు, మీ మరదలు వచ్చిందని. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నానని చెప్పడానికే వచ్చిందనుకున్నాను.

తను నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి గానీ మాట స్థిరంగా ఉంది.

"వదినా, నీ పుస్తకం చూపించు."

"ఏ పుస్తకం?"

"తూకం పుస్తకం. చీటీ కట్టావంటే పుస్తకంలో రాసి ఉంటావు. రాశావంటే తూచి ఉంటావు. తూచకుండా ఇంట్లోకి కొబ్బరికాయ కూడా రానివ్వని మనిషివి నువ్వు. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను."

పేజీ తిప్పాను. ఉంది. ఒకటి నుంచి ఇరవై నాలుగు దాకా, ఒక్కో సంచికి ఒక్కో బరువు, గ్రాములతో సహా, నా దస్తూరీలోనే. నేను రాసినట్టు నాకే గుర్తు లేదు.

"తడి బరువు ఉంది" అని గొణుక్కుంది తను. "సంచుల బరువు ఉత్త సంచులు తూచి తీసేద్దాం. తడి ఎంతో తెలిస్తే…" అని ఆగిపోయింది. తల ఎత్తి నన్ను చూసింది. ఇద్దరం ఒకేసారి నా వెనక ఉన్న అర వైపు తిరిగాం.

రేకు డబ్బాలు. పరీక్ష గదివాళ్ళు ముందు లారీల డబ్బాలు తీసుకుంటారు, సంచుల డబ్బాలు వారం దాకా నా అరలోనే పడి ఉంటాయి. పై వరసలో ఇరవై నాలుగు, అంకెలు వేసి, మూతలు బిగించి. ఒక్కో డబ్బాలో ఒక్కో గుప్పెడు.

మొదటి డబ్బా మూత నేనే తీశాను. తను లోపలికి తొంగిచూసి ఒక ఆకు తీసింది. గోధుమ రంగు, అంచు కొద్దిగా చిరిగింది, ఇంకా చెమ్మగా ఉంది. అప్పుడు ఏడ్చింది మా మరదలు. పదకొండు నెలల తర్వాత, అంత మోత మోగుతున్న ప్లాంటులో, లారీలవాళ్ళు చూస్తుండగా, నా భుజం మీద తల పెట్టి గట్టిగా ఏడ్చింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అని లోకమంతా అంటుంది. మేం ఆకులు కాలాక చేతులు పట్టుకున్నాం.

పరీక్ష గదిలో ఆ రోజంతా మాకే వదిలేశారు. ఒక్కో డబ్బా తూచి, ఆకుల్ని పళ్ళేల్లో పరిచి, ఓవెన్‌లో పెట్టి, తీసి తూచి, మళ్ళీ పెట్టి, ఇక బరువు తగ్గడం లేదనే దాకా తూచాం. తను అంకె చెప్తే నేను రాశాను. మొదటి అయిదు డబ్బాలకీ ప్రతి అంకెనీ రెండేసి సార్లు చెప్పింది. ఆరో దానికి సర్దుకుంది. పదిహేనో డబ్బా దగ్గర, "ఇందులో పుల్లలెక్కువ వదినా, నువ్వు పైపైన తీశావు" అని నన్ను కసిరింది కూడా. హమ్మయ్య, మా పిల్ల మళ్ళీ వచ్చింది అనుకున్నాను.

వందకి పాతిక పాళ్ళు నీళ్ళు. నీళ్ళన్నీ తీసేస్తే ఇరవై నాలుగు సంచుల్లోనూ కలిపి పదిహేడు కిలోల రెండు వందల గ్రాములు. తొమ్మిదో ఏటి కంటే మూడు వందల గ్రాములు ఎక్కువ.

తను ఆ అంకె కింద గీత గీసింది. తర్వాత కాగితం తిప్పి వెనక ఇంకేదో లెక్క వేసింది. మధ్యలో బాయిలర్ ఆపరేటర్‌ని ఏదో అడిగి వచ్చింది.

"ఇరవై యూనిట్లు వదినా."

"ఏవిటవి?"

"కాలిన ఆకులకి వచ్చిన కరెంటు. సుమారుగా. మనింటికి నెలకి నూటయాభై వస్తుందిగా. అంటే నాలుగు రోజులు."

ఎవరింటికి వెళ్ళిందో ఆ కరెంటు, ఎవరు ఫ్యాను వేసుకున్నారో, ఎవరు ఇస్త్రీ చేసుకున్నారో. కానీ నేను ఆ రోజు ఇంటికి వెళ్ళగానే వరండాలో లైటు వేశాను. నాలుగు రోజులు ఆర్పలేదు. పగలు కూడా. జన్మలో మొదటిసారి, లైటు ఆర్పమని నేనెవరి మీదా అరవలేదు. మరదలు దాన్ని చూస్తూ లోపలికీ బయటికీ తిరిగింది గానీ, స్విచ్చి మీద చెయ్యి వెయ్యలేదు.

అయిదో రోజు ఆదివారం. డబ్బాలు రెండు బుట్టల్లో పెట్టుకుని అడవికి వెళ్ళాం. నేను బాయిలర్ కింద నుంచి ఒక సంచి బూడిద కూడా తెచ్చాను. అందులో మా ఆకుల బూడిదెంతో, ఎవరి ఊక బూడిదెంతో నాకు తెలీదు. తను ఆ మాటే అంటుందనుకున్నాను, గ్రాము తేడా సహించని మనిషి కదా. తనే ముందు సంచిలో చేతులు పెట్టి దోసెడు తీసుకుంది. ఒక్కో వల కిందా ఒక్కో గుప్పెడు ఆకులు, పైన ఒక దోసెడు బూడిద. ఒకటి, రెండు, మూడు. అంకె తప్పకుండా వరసగా పోశాం. నా జీవితంలో తూచకుండా పోసింది ఆ బూడిద ఒక్కటే.

అయ్యాక తను బుట్టలోంచి ఉత్త సంచులు తీసింది. వలల్లో అప్పుడే కొత్త ఆకులు పడి ఉన్నాయి. ఒకటో వల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, వాడి అంకె ఉన్న సంచిలోకే వాటిని ఏరడం మొదలుపెట్టింది. నేను సంచి మూతి తెరిచి పట్టుకున్నాను.

"ఇది ఎన్నో ఏటిది?" అన్నాను, తెలిసే.

"పదకొండు" అంది.

తిరిగి వస్తుంటే తను ఉన్నట్టుండి ఆగింది. "వదినా, నీ పర్సులో ఏముంది?"

"ఏముంటుంది? తాళాలు."

"ఒకటో వల దగ్గర నువ్వు వంగి ఏదో తీశావు."

ఇక దాచి లాభం లేదని పర్సు తెరిచి చూపించాను. ఒక్క ఆకు. అంచు కొద్దిగా చిరిగింది. ఇరవై రెండేళ్ళలో గుప్పెడు పొట్టు ఇంటికి తీసుకెళ్ళని దాన్ని, దొంగలా దొరికిపోయాను. తిడుతుందనుకుని తల వంచుకున్నాను. తను జేబులో చెయ్యి పెట్టి, చాలా నెమ్మదిగా, రెండు ఆకులు తీసి నా ఆకు పక్కన పెట్టింది.

నవ్వామో ఏడ్చామో అడక్కండి.

నివేదిక నెలాఖరుకి రెండు రోజుల ముందే వెళ్ళింది. పంపేముందు నాకు చూపించింది. పట్టిక పైన మా తమ్ముడి పేరు, కింద పది గళ్ళూ నిండుగా ఉన్నాయి. పదో గడి పక్కన చిన్న చుక్క గుర్తు. పేజీ అడుగున దానికి వివరణ. ఈ ఏడు సంచులు ఎలా కాలిపోయాయో, బరువు ఏ పద్ధతిలో తేల్చారో, ఎంత తేడా ఉండొచ్చో అన్నీ రాసింది. నా తప్పుని కూడా ఒక గ్రాము తగ్గించకుండా రాసింది. ఆఖరున ఒక వాక్యం ఉంది.

"తూకం తర్వాత మిగిలిన ఆకులను యథాస్థానంలో చేర్చాము. మూడు ఆకులు మాత్రం ఇంట్లో ఉన్నాయి."